చిన్నమెదడుకు దెబ్బ తగిలినవారు మళ్ళీ నడుస్తారా?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రిలో చేర్చిన తరువాత యింటివాళ్ళు డాక్టరుగారిని అడిగే మొదటి ప్రశ్న, "ప్రాణానికి భయం లేదు కదండీ?" అన్నది. ఆ భయం తీరిన మర్నాడే రెండో ప్రశ్న బయలుదేరుతుంది: "మళ్ళీ లేచి నడుస్తారా?" మొదటి దానికి జవాబు చెప్పడం డాక్టర్లకు కొంత తేలిక. రెండో దానికి చెప్పడం కష్టం. అయినా యింటి వ్యవహారమంతా ఆ రెండో జవాబు మీదనే ఆధారపడి వుంటుంది. అమెరికాలో వున్న అబ్బాయి సెలవు పొడిగించుకోవాలా, తిరిగి వెళ్ళిపోవచ్చునా? మేడ మీది వాటా వదులుకుని కింది వాటాలోకి దిగాలా? ఆయాను పెట్టుకోవాలా? ఉద్యోగంలో వున్న మనిషైతే రాజీనామా పంపించాలా? ఇవన్నీ ఆ ఒక్క మాట కోసం కాచుకుని వుంటాయి.

పక్షవాతాలలో ఒక రకాన్ని గురించి, అనగా చిన్నమెదడుకు తగిలే దెబ్బను గురించి, చదువరులకు నాలుగు మాటలు చెప్పాలని మేము అనుకున్నాము. కారణాలు రెండు. ఇది వచ్చినప్పుడు పక్షవాతమని పోల్చుకోవడమే కష్టం. కాలూ చెయ్యీ పడిపోవు, మూతి వంకర పోదు. కనుక చాలా యిళ్ళలో దీనిని పైత్యమనో, అజీర్తి అనో అనుకుని ఊరుకుంటారు. ఇక రెండోది, మొదటి వారం గట్టెక్కిన తరువాత ఈ రోగులలో కోలుకునేవారు మనం భయపడినదాని కంటె యెక్కువగానే వుంటారు. ఆ సంగతి తెలియక, ఇక యింతే అని మంచానికి అప్పగించివేసే యిళ్ళు వున్నాయి.

బలం పోదు, లయ తప్పుతుంది

చిన్నమెదడు తల వెనుక భాగాన, మెడకు కాస్త పైన, పెద్దమెదడు కింద అణగి వుంటుంది. మొత్తం మెదడులో పదో వంతు వుంటుందంతే. కాని 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూస్తే, మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్లు ఈ చిన్నమెదడులోనే వున్నాయని తేలింది. పేరుకే చిన్నది.

ఇది చేసే పని యేమిటన్నది మన మద్రాసు తెలుగువారికి చెప్పడం సులభం. మార్గశిర మాసపు కచేరీలు విననివారు మనలో యెవరున్నారు? గాయకుని గొంతు బాగానే వుంది, సాహిత్యం కంఠస్థమే, శ్రుతి కూడా కుదిరింది. కాని తాళం తప్పింది. అప్పుడు ఆ పాట యెట్లా వుంటుందో, చిన్నమెదడు దెబ్బతిన్న మనిషి నడక అట్లా వుంటుంది. కాలిలో బలం వుంది. అయినా అడుగు వేయబోతే యెక్కడ పడుతుందో తెలియదు. చేతిలో పట్టు వుంది. అయినా కాఫీ గ్లాసు నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అటూ యిటూ ఊగి, సగం కాఫీ చొక్కా మీద పడుతుంది. మాట వుంది. కాని ముద్దముద్దగా, తాగినవాని మాటలాగా వస్తుంది. మత్తుపదార్థం యెన్నడూ ముట్టని పెద్దమనిషిని చూసి దారినపోయేవారు తాగి వున్నాడని అనుకోవడం ఈ జబ్బులో ఒక అవమానం.

ఈ సంగతులను మొదట వివరంగా పరిశీలించి రాసినవారిలో ముఖ్యుడు బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక తుపాకి గుండ్ల దెబ్బ తిన్న సిపాయిలను పరీక్షించి ఆయన 1917లో తన పరిశీలనలను ప్రకటించాడు. పెద్దమెదడుకు యెడమ పక్క దెబ్బ తగిలితే శరీరంలో కుడి పక్క చెడుతుంది. చిన్నమెదడులో అట్లా కాదు, యే పక్క దెబ్బ తగిలితే ఆ పక్క కాలూ చెయ్యే తడబడతాయి. దెబ్బ తగలని పక్క చెయ్యి తనంతట తానే పని చేసుకుపోతుంది. దెబ్బ తగిలిన పక్క మాత్రం ప్రతి కదలికనూ ఆలోచించి చేయవలసి వస్తుంది. ఈ మనుషులు కొద్ది పనికే అంతగా అలిసిపోవడానికి కారణం ఇదే.

పైత్యం కాదు సుమా!

పక్షవాతాలన్నిటిలో చిన్నమెదడుకు వచ్చేవి నూటికి 2 లేక 3 మాత్రమే. మూడు జతల రక్తనాళాలు దీనికి రక్తం అందిస్తాయి. వాటిలో ఒకటి పూడుకుపోయినా, చిట్లి రక్తం కారినా ఆ భాగం చచ్చుబడుతుంది. రక్తపు పోటు, మధుమేహం, పొగాకు, గుండె లయ తప్పడం దీనికి దారి తీసేవాటిలో ముఖ్యమైనవి. మెడలోని రక్తనాళపు పొర చిరగడం వల్ల వయసులో వున్నవారికి కూడా రావచ్చు.

లక్షణాలు యెట్లా మొదలవుతాయంటే, ఉన్నట్టుండి గిర్రున తల తిరుగుతుంది. వెంటనే వాంతులు. తల వెనుక నొప్పి. లేచి నిలబడితే ఒక పక్కకు ఒరిగిపోవడం. ఒకటి రెండుగా కనబడడం. ఆ సమయంలో మన యిళ్ళలో జరిగే సంభాషణ అందరికీ తెలిసినదే. "రాత్రి తిన్న గారెలు పడలేదు, కాస్త నిమ్మకాయ నీళ్ళు పట్టించండి" అని ఒకరు, "పైత్యం, జీలకర్ర కషాయం యివ్వండి" అని యింకొకరు, "ఎండలో తిరిగారు కదా, పడుకోనివ్వండి" అని మూడోవారు. తల తిరగడం అన్నిసార్లూ పక్షవాతం కాదు, నిజమే. చెవిలోని దోషం వల్ల వచ్చేదే యెక్కువ. కాని ఉన్నట్టుండి వచ్చిన తలతిరుగుడుతో పాటు, పట్టుకోకుండా నిలబడలేకపోవడం, మాట తడబడడం, ఒకటి రెండుగా కనబడడం, యెన్నడూ లేనంత తలనొప్పి — వీటిలో యే ఒక్కటి వున్నా, దానిని పక్షవాతంగానే భావించి 108కి ఫోను చేయాలి. మన హైదరాబాదులో 2005లో మొదలైన ఆ అంబులెన్సు యేర్పాటు 2008లో తమిళనాడుకూ వచ్చింది. రక్తపు గడ్డను కరిగించే మందు, జబ్బు మొదలైన నాలుగున్నర గంటలలోపు యివ్వవలసినది. ఆలోచిస్తూ కూర్చుంటే ఆ గడియలు గడిచిపోతాయి.

ఇంకొక సంగతి. ఇట్టి రోగికి మొదటి గంటలలో తీసే మామూలు సి.టి. స్కానులో చిన్నమెదడు పూడిక చాలాసార్లు కనబడదు. ఆ చోట చుట్టూ గట్టి యెముకలు వుండడం దానికి ఒక కారణం. "స్కానులో యేమీ లేదు" అన్నంత మాత్రాన మనిషి నిలబడలేకపోతున్నప్పుడు యింటికి తీసుకుపోకూడదు. యం.ఆర్.ఐ. స్కాను, కళ్ళ కదలికల పరీక్ష అవసరమా అని అడగడం మన హక్కు.

మూడో నాటి గండం

చిన్నమెదడు కూర్చున్న చోటు బహు యిరుకు. దాని ముందే శ్వాసనూ గుండెనూ నడిపే మెదడుకాండం వుంటుంది. చచ్చుబడిన భాగం వాస్తుంది. ఆ వాపు సాధారణంగా రెండో రోజు మొదలు నాలుగో రోజు లోపల హెచ్చుగా వుంటుంది. మొదటి రోజు మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి మూడో నాడు మగతలోకి జారిపోవచ్చు. "పాపం, రాత్రి నిద్ర లేదు, పడుకోనివ్వండి" అని పక్కనున్నవారు అనుకోవచ్చు. అది నిద్ర కాదు. పిలిస్తే పలకడం మందగించినా, కొత్తగా వాంతులు మొదలైనా, వెంటనే నర్సును పిలవాలి. ఆ సమయంలో తల వెనుక యెముక తీసి వాపుకు చోటు కల్పించే శస్త్రచికిత్స చేస్తారు, లేదా మెదడులో నిలిచిన నీటిని బయటికి తీస్తారు.

ఆ శస్త్రచికిత్స పేరు చెప్పగానే సగం ఆశ వదులుకునేవారు వున్నారు. వారికి ఒక సంగతి మనవి చేయాలి. జర్మనీ, ఆస్ట్రియా దేశాల వైద్యులు కలిసి 1999లో ప్రకటించిన పరిశీలనలో, పూర్తిగా స్పృహ తప్పి కోమాలోకి పోయి యిట్టి చికిత్స పొందినవారిలో కూడా సుమారు సగం మంది చెప్పుకోదగ్గంతగా కోలుకున్నారు. పెద్దమెదడు జబ్బులో యింతటి స్థితికి పోయినవారిని గురించి అట్లా చెప్పడం కష్టం. ఇక్కడ ప్రాణాపాయం తెచ్చినది వాపు ఒత్తిడి. అది సకాలంలో తీరితే మిగతా మెదడు క్షేమంగానే వుంటుంది.

ఇట్టి వైద్యానికి మన పట్నం పాత పేరు. 1950లో డాక్టర్ బి. రామమూర్తిగారు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. తరువాతి కాలంలో ఆయన అడయారులోని వాలంటరీ హెల్త్ సర్వీసెస్‌లో పని చేసిన కేంద్రానికి మన తెలుగు వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి పేరు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన రుక్మిణీ లక్ష్మీపతిగారి భర్త ఆయనే. రామమూర్తిగారు 2003లో కాలం చేశారు.

డాక్టర్లు జోస్యం యెట్లా చెబుతారు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. కోలుకోవడం యెంతవరకు అన్నది అంచనా వేయడానికి డాక్టర్లు చూసే సంగతులు కొన్ని వున్నాయి.

మొదటిది స్పృహ. పైన చెప్పిన జర్మనీ పరిశీలనలో, వాపు వచ్చి జబ్బు ముదిరిన తరువాత రోగి స్పృహ యే మట్టంలో వున్నదన్నదే అన్నిటికంటె గట్టి సూచన అని తేలింది.

రెండోది, వ్యాయామ చికిత్స మొదలుపెట్టిన నాడు మనిషి తన పనులు తాను యెంతవరకు చేసుకోగలుగుతున్నాడన్నది. 2001లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు, చిన్నమెదడు దెబ్బ తిని పునరావాస ఆసుపత్రిలో చేరినవారిని పరిశీలించి, చేరిన నాటి స్థితి, అంతకు ముందే వున్న యితర జబ్బులు, జబ్బు వచ్చినప్పటి స్పృహ — వీటిని బట్టి తరువాతి స్థితిని అంచనా కట్టవచ్చునని చూపించారు. స్థితి అన్నప్పుడు డాక్టర్లు ఊహగా చెప్పరు, దానికి కొలతలు వున్నాయి. 1965లో వచ్చిన బార్తెల్ కొలతలో అన్నం తినడం, బట్ట కట్టుకోవడం, స్నానం, మెట్లెక్కడం మొదలైన 10 పనులకు కలిపి 100 మార్కులు. తూలుడును కొలవడానికి 2006లో 'సారా' అనే కొలత వచ్చింది. నడక, నిలబడడం, కూర్చోవడం, మాట, చేతివేళ్ళ కదలిక మొదలైన 8 పరీక్షలు, మొత్తం 40 మార్కులు. ఇందులో మార్కులు తగ్గితేనే సంతోషం.

మూడోది, దెబ్బ తగిలిన చోటు. చిన్నమెదడు పై పొర మాత్రమే దెబ్బతింటే తక్కిన భాగాలు ఆ పని అందుకుంటాయి. లోతున కొన్ని కేంద్రకాలు వున్నాయి. చిన్నమెదడు నుంచి బయటికి పోయే సందేశాలలో దాదాపు అన్నీ వాటి గుండానే పోవాలి. ఊళ్ళో యెన్ని వీధులు వున్నా బయటికి పోయే వంతెన ఒక్కటే అయితే, ఆ వంతెన కూలితే యేమవుతుందో అదే యిక్కడా అవుతుంది. ఆ కేంద్రకాలు చెడితే తడబాటు చాలాకాలం వుండిపోవచ్చు.

నాలుగోది, మెదడుకాండం కూడా దెబ్బతిన్నదా, లేదా అన్నది. తిన్నట్లయితే మింగడం, కంటి చూపు, కాలి బలం కూడా చెడతాయి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. అయిదోది వయస్సు, పాత జబ్బులు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నెదర్లాండ్స్ వైద్యులు 2011లో ప్రకటించిన లెక్క ఒకటి ప్రసిద్ధికెక్కింది. జబ్బు వచ్చిన 72 గంటల లోపల రోగి ఆసరా లేకుండా కూర్చోగలిగి, కాలు కొంత కదల్చగలిగితే, ఆరు నెలలకు తనంతట తాను నడిచే అవకాశం నూటికి 98. ఆ రెండూ లేకపోతే 27. కాని ఆ లెక్క పెద్దమెదడు ముందు భాగపు రక్తనాళాలు పూడినవారిని చూసి కట్టినది. చిన్నమెదడు రోగికి మొదటి రోజే కాలిలో బలం వుంటుంది, కాని కూర్చోబెడితే ఒరిగిపోతాడు. ఒకరి జాతకం మరొకరికి చదివినట్లు ఆ అంకెలు వీరికి అప్పగించకూడదు. చుట్టాలలో ఒకరికి యెడమ పక్క పడిపోయి మంచాన వున్నారు కనుక మన యింటి మనిషీ అంతేనని అనుకోవడం కూడా యిటువంటి పొరపాటే.

పైగా ఈ అంచనాలన్నీ నూరుమందిని చూసి చెప్పేవి. ఆ నూరుమందిలో మన తాతగారు యెక్కడ వున్నారో అవి చెప్పలేవు. ఎక్కువ మార్పు మొదటి మూడు నెలలలో కనబడుతుంది. ఆరు నెలల దాకా, కొందరిలో ఆ తరువాత కూడా, నెమ్మదిగా మెరుగు సాగుతుంది. కనుక రెండో వారంలో "ఇక నడవరు" అని యింట్లో తీర్మానించుకుంటే ప్రమాదం. నడవరనుకున్న మనిషిని యెవరూ లేపరు. లేపని మనిషికి కాళ్ళు చిక్కిపోతాయి. చివరికి ఆ తీర్మానమే నిజమై కూర్చుంటుంది.

యింట్లో చేయవలసినవి

తప్పిన లయ మళ్ళీ కుదరడానికి సాధన తప్ప వేరే మందు లేదు. నూనె మర్దనా వల్ల ఒంటికి హాయి కలగవచ్చు గాని, తడబాటు పోదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు కూర్చోవడం, నిలబడడం, నడవడం, మలుపు తిరగడం రోజూ చేయించాలి. కాస్త కష్టమనిపించేంత సాధన వుంటేనే ఫలితం. అలిసినప్పుడు విశ్రాంతి యివ్వాలి, మళ్ళీ మొదలుపెట్టాలి.

మన తెలుగువారికి ఈ పట్నంలో పునరావాసమన్న మాట కొత్తది కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో యిక్కడ నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ, తరువాతి కాలంలో పోలియో వచ్చిన పిల్లల కోసం ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రాన్ని తెరిచింది. నిలబడలేరనుకున్న పిల్లలను సాధనతో నిలబెట్టవచ్చునని ఆ తరంవారు కళ్ళారా చూశారు. పెద్దవారి విషయంలో కూడా సూత్రం అదే. కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ వున్నది. కదలలేనివారి యింటికే ఫిజియోథెరపీ సేవ తెచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రారంభించింది. తమిళం రాని పెద్దలకు యింటివారెవరైనా పక్కన వుండి సూచనలు తెలుగులో చెబితే సాధన బాగా సాగుతుంది.

యింట్లో చేయవలసిన మార్పులు చిన్నవే. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కమ్మీ, కింద జారని చాప, కూర్చుని నీళ్ళు పోసుకోవడానికి గట్టి పీట వుండాలి. రాత్రిపూట నడవాలో చిన్న దీపం వెలగాలి. గడప మీద కనబడేటట్లు రంగు పట్టీ వేయించండి. వదులు చెప్పులు మాని, మడమ పట్టి వుండే చెప్పులు కొనండి. కాఫీ గ్లాసు సగమే నింపండి. తేలిక గ్లాసు కంటె కాస్త బరువైనది కొందరి చేతికి నిలుస్తుంది. మింగడం కష్టమైతే డాక్టరు పరీక్ష చేసి సరే అనేదాకా నీళ్ళయినా నోట పోయకండి. పొరబోయిన నీరు ఊపిరితిత్తులలో దిగి జ్వరం తెస్తుంది.

కంటికి కనబడని నష్టం ఒకటి వుంది. చిన్నమెదడు దెబ్బ తిన్నవారిలో కొందరికి నడక కుదిరినా, లెక్క చూసుకోవడం, వరసగా పనులు ఆలోచించుకోవడం, కోపతాపాలు అదుపులో పెట్టుకోవడం కష్టమవుతాయి. 1998లో అమెరికా వైద్యులు దీనిని ఒక ప్రత్యేక లక్షణంగా గుర్తించారు. "కాళ్ళు బాగానే వున్నాయి, యింకా యెందుకీ చిరాకు?" అని అత్తగారిని గాని, భర్తను గాని దెప్పేముందు యింటివారు ఈ సంగతి తలుచుకోవాలి. డాక్టరుగారికీ చెప్పాలి.

రెండోసారి రాకుండా చూసుకోవడం అన్నిటికంటె ముఖ్యం. రక్తపు పోటు మాత్రలు, రక్తం గడ్డ కట్టనివ్వని మాత్రలు "ఇప్పుడు బాగానే వుంది కదా" అని మానివేయకూడదు. చుట్టా, సిగరెట్టూ, పొగాకుతో వేసుకునే కిళ్ళీ యింట్లోంచి పోవాలి.

చివరగా ఒక సలహా. ఆసుపత్రిలో డాక్టరుగారిని "నడుస్తారా, నడవరా?" అని ఒక్క మాటలో అడిగితే, ఆయన కూడా ఒక్క మాటలో జవాబు చెప్పవలసి వస్తుంది. దానికి బదులు ఈ ప్రశ్నలు అడగండి: ఇది పూడికా, రక్తస్రావమా? వాపు గండం గడిచిందా? లోతు కేంద్రకాలు, మెదడుకాండం క్షేమంగా వున్నాయా? ఈ రోజు ఈయన కొలత యెంత? మూడు నెలలకు మళ్ళీ యెప్పుడు కొలుస్తారు? జవాబులు ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. అదే పుస్తకంలో, మంచం దగ్గర నుంచి పూజగది దాకా యెన్ని అడుగులు, యెవరి ఆసరాతో నడిచారో వారానికొకసారి రాయండి. రోజూ చూసే కళ్ళకు మార్పు తెలియదు. మూడో నెలలో మొదటి పేజీ తిప్పి చూసుకుంటే, యింటివారికీ, రోగికీ, డాక్టరుగారికీ ముందుకు యెట్లా సాగాలో తెలుస్తుంది. అబ్బాయి సెలవు సంగతీ, మేడ మీది వాటా సంగతీ అప్పుడు నిశ్చయించుకోవచ్చు.